అనాస టీలో పాలు విరగకుండా

ఒడియా వాళ్ళ రజొ పండుగకు మా అమ్మాయి భువనేశ్వర్ నుంచి వచ్చింది. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వస్తూనే అడిగింది. "అమ్మా, మనింట్లో పండ్ల టీ చేద్దామా? పాలు పోసి, ఐసు వేసి, అడుగున నల్లటి గుళికలు వేసి ఇస్తారే, అది. నాకు అనాసది కావాలి."

నేనెప్పుడూ తాగలేదు. ఫోనులో ఫోటో చూపించింది. పొడవాటి ప్లాస్టిక్ గ్లాసు, లావుపాటి స్ట్రా, కింద నల్లటి గుళికలు, పైన లేత పసుపు రంగు పాలు. పండు ఉంది, పాలు ఉన్నాయి, టీ ఉంది. మూడూ నా వంటింట్లో ఉన్నవే. పావుగంటలో చేసి ఇస్తానని చెప్పాను. సరిగ్గా చేయడానికి చాలా రోజులు పట్టింది. పండు మారినప్పుడల్లా పద్ధతి మార్చుకుంటూ దీపావళి దాకా సాగింది. ఆ మధ్యలో నేను నేర్చుకున్నది రాస్తున్నాను. పండును పాలల్లో కలపబోయే వాళ్ళెవరికైనా ఇది ఉపయోగపడుతుంది.

మాది పర్లాకిమిడి. ఒడియాలో పారలాఖెముండి అంటారు. గజపతి జిల్లాకి ముఖ్య పట్టణం. ఊరు దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో ఒడియా. రజొ మూడు రోజులూ పక్కింటి వాళ్ళు పోడొ పిఠా అనే కాల్చిన పిండివంట పంపిస్తారు, పిల్లలకి ఊయలలు కడతారు. జూన్ మధ్యలో వచ్చే ఈ పండుగ నాటికి సంతలో పనస, అనాస రెండూ దిగుతాయి. కొండ ఊళ్ళ నుంచి సవర గిరిజన ఆడవాళ్ళు బుట్టల్లో తెచ్చి అమ్ముతారు. సీతంపేట వైపు నుంచి కూడా అనాస బాగా వస్తుంది. అనాసని ఒడియాలో సపురి అంటారు. సంతలో బేరం ఆ మాటతోనే ఆడతాం, ఇంటికి తెచ్చాక అనాస అంటాం. చిన్న కాయే అయినా తెచ్చి గడపలో పెడితే ఇల్లంతా వాసన. ఆ వాసన ఉండగా డబ్బాలో పొడి ఎందుకు?

బబుల్ టీ అనే ఈ పానీయం తైవాన్‌లో 1980ల్లో మొదలైంది. అక్కడి టీ కొట్లలో చల్లటి పాల టీలో గుళికలు వేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ గుళికలు కర్రపెండలం పిండితో చేసేవి. మన సగ్గుబియ్యం కూడా కర్రపెండలమే. సామర్లకోట వైపు మిల్లుల్లో తయారయ్యేది అదే. ఈ సంగతి తెలియగానే నాకు సగం భయం పోయింది. ఇక మిగిలింది పండు, పాలు కలపడమే కదా అనుకున్నాను. అసలు కష్టమంతా అక్కడే ఉందని అప్పటికి తెలియదు.

మొదటిరోజు ఎప్పుడూ పెట్టుకునే టీనే పెట్టాను. నీళ్ళు, డస్ట్ టీ పొడి, పంచదార, పాలు, అన్నీ కలిపి బాగా మరిగించాను. అనాస ముక్కలు మిక్సీలో వేసి రసం వడకట్టి, వేడి టీలో పోశాను. గరిటె తిప్పేలోపే పాలు విరిగిపోయాయి. పైన గోధుమ రంగు నీళ్ళు, మధ్యలో తెల్లటి తరకలు. అమ్మాయి ముఖం చిన్నబోయింది. నేను గిన్నె సింకు దగ్గరికి తీసుకెళ్ళబోతే మా అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

"పారబొయ్యకు. ఛెనా అయింది కదా. వడకట్టు."

ఒడిశాలో పాలు విరిగితే ఎవరూ బాధపడరు. ఇక్కడ పాలని కావాలని విరిచి ఛెనా చేస్తారు. రసగుల్లా, ఛెనాపోడో అన్నీ ఆ ఛెనాతోనే. అత్తయ్య పల్చటి గుడ్డలో వడకట్టి, పిండి, పంచదార కలిపి అమ్మాయికి పెట్టింది. టీ వాసన వచ్చింది, అనాస పులుపు కూడా కొంచెం తగిలింది. బాగానే ఉంది. కానీ మేం చేయాలనుకున్నది అది కాదు.

రెండోరోజు వేడి వల్లే విరిగిందని అనుకుని, అన్నీ చల్లార్చాను. టీ డికాషన్ విడిగా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. కాచి చల్లార్చిన పాలు కూడా ఫ్రిజ్‌లో పెట్టాను. పచ్చి అనాస రసం, పంచదార, ఐసు అన్నీ కలిపాను. విరగలేదు! రంగు కూడా ఫోటోలో ఉన్నట్టే వచ్చింది. అమ్మాయి ఒక గుక్క తాగి చాలా బాగుందంది. అప్పుడే పక్కింటి పిల్లలు పిలిస్తే గ్లాసు బల్ల మీద పెట్టి ఊయల దగ్గరికి పోయింది. అరగంట తరవాత వచ్చి మళ్ళీ నోట్లో పోసుకుని, ఉమ్మేసింది. చేదు. టీ చేదు కాదు, నాలుక చివర పట్టుకుని వదలని చేదు. నేనూ తాగి చూశాను. పాలు పాడయ్యాయేమోనని ఫ్రిజ్‌లో మిగిలిన పాలు తాగి చూశాను, శుభ్రంగా ఉన్నాయి. డికాషన్ కూడా బాగానే ఉంది. మూడూ విడివిడిగా బాగున్నాయి, కలిపి అరగంట ఉంచితే చేదు.

మా ఎదురింట్లో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మేష్టారు ఉన్నారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉంటే వెళ్ళి అడిగాను. ఆయన నవ్వలేదు, వంటింటి సంగతి కదా అని తేలిగ్గానూ తీసుకోలేదు. "పచ్చి అనాస ఎక్కువ తింటే నాలుక మండుతుంది, చూశావా అమ్మా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఉప్పు రాసుకుని తింటాం.

"అందులో బ్రోమెలైన్ అని ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తుల్ని కత్తిరిస్తుంది. నాలుక మండటానికి కొంత కారణం అదే. పాలల్లో పోస్తే పాలల్లోని మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది. ఆ చిన్న ముక్కల రుచి చేదు. వెంటనే తాగితే తెలియదు, ఉంచేకొద్దీ పెరుగుతుంది."

"మరి ఏం చెయ్యాలి మేష్టారూ?"

"ఉడికించు. బాగా ఉడికితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. కానీ పులుపు ఎక్కడికీ పోదు. అది గుర్తుపెట్టుకో."

ఆయన మర్నాడు చిన్న కాగితం ముక్కల పుస్తకం తెచ్చి ఇచ్చారు. పీహెచ్ కాగితాలు. తడిపితే రంగు మారుతుంది, ఆ రంగుని పెట్టె మీది రంగులతో పోల్చి చూసుకోవాలి. పాలల్లో ముంచితే ఆరుకి, ఏడుకి మధ్య రంగు వచ్చింది. అనాస రసంలో ముంచితే నాలుగు లోపే. అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. పాలల్లో ముఖ్యమైన మాంసకృత్తి కేసిన్ 4.6 దగ్గర గడ్డకడుతుందట, పాలు వేడిగా ఉంటే అంత పులుపు కూడా అక్కర్లేదట. అందుకే మొదటిరోజు గరిటె తిప్పేలోపు విరిగింది, రెండోరోజు చల్లగా ఉండటం వల్ల ఆగింది. ఆ కాగితం ముక్కలతో నేనూ అమ్మాయీ పెరుగు, టీ, నిమ్మరసం, చింతపండు నీళ్ళు, బెల్లం నీళ్ళు అన్నీ పరీక్షించాం. పదేళ్ళుగా వండుతున్న వస్తువులే, కానీ వాటిని పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు.

మూడో ప్రయత్నంలో మేష్టారు చెప్పినట్టు అనాసని పంచదారతో ఉడికించాను. పాకంలా చిక్కబడింది. రంగు ముదిరి మంచి వాసన వచ్చింది. చల్లారాక గోరువెచ్చటి పాల టీలో కలిపాను. ఒక్కసారిగా విరగలేదు కానీ గ్లాసు అంచుల వెంట సన్నటి పలుకులు కనిపించాయి. నోటికి ఇసకలా తగిలింది. చేదు మాత్రం లేదు. ఒక సమస్య తీరింది, రెండోది మిగిలింది.

ఎవరో పాలల్లో చిటికెడు తినే సోడా వేస్తే విరగదన్నారు. వేశాను. నిజంగానే విరగలేదు. కానీ టీ రంగు ముదురు ఎరుపుకి తిరిగింది, సబ్బునీళ్ళ రుచి వచ్చింది, అనాస పులుపంతా పోయి ఉత్త తీపి మిగిలింది. పులుపు పోయాక అది అనాస టీ ఎలా అవుతుంది? ఆ దారి వదిలేశాను.

ఇదంతా చూస్తూ అత్తయ్య వరండాలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అడిగింది. "బెల్లం టీ ఎలా పెడతాం మనం?"

నేను నిలబడిపోయాను.

బెల్లం టీ మా ఇంట్లో చలికాలంలో రోజూ పెట్టేదే. పాలు పోసి మరుగుతున్న టీలో బెల్లం వేస్తే విరిగిపోతుంది. అందుకని డికాషన్‌లోనే బెల్లం వేసి కరిగిస్తాం. పాలు విడిగా కాచి, రెండిటినీ పొయ్యి మీద నుంచి దించి, కాస్త వేడి తగ్గాక కలుపుతాం. కలిపాక మళ్ళీ పొయ్యి ఎక్కించం. అత్తయ్యకి వాళ్ళమ్మ చెప్పింది, నాకు అత్తయ్య చెప్పింది. ఎందుకని ఎవరూ అడగలేదు. మేష్టారి కాగితంలో బెల్లం నీళ్ళ రంగు పాల కంటే పులుపు వైపే ఉంది. బెల్లానికి ఏ జాగ్రత్త తీసుకుంటామో అనాసకీ అదే తీసుకోవాలి, అనాస ఇంకా పులుపు కాబట్టి ఇంకాస్త ఎక్కువ తీసుకోవాలి. పులుపుని ముందు డికాషన్‌లో కలిపి పల్చన చేయాలి, పాలు చివర్లో రావాలి, అప్పటికి అన్నీ చల్లగా ఉండాలి. నేనేమో పాల టీ ముందే సిద్ధం చేసుకుని అందులో పండు పోశాను, లేదా అన్నీ ఒకేసారి కలిపేశాను. వరస తిరగబడింది.

పణా సంక్రాంతికి ఇక్కడ బేల పణా చేస్తారు. ఏప్రిల్ నడుమ వచ్చే ఆ పండుగ ఒడియా వాళ్ళకి కొత్త సంవత్సరం. మారేడు పండు గుజ్జు, పాలో ఛెనానో, అరటిపండు, కొబ్బరి, మిరియాల పొడి, బెల్లం కలిపి చేసే ఆ పానకం మేమూ ఏటా తాగుతాం. పండునీ పాలనీ కలపడం ఈ ఊరికి కొత్త కాదు. దాన్ని పొయ్యి మీద పెట్టడం మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు. ఇదీ అప్పుడే గుర్తొచ్చింది.

ఈసారి కుదిరింది. అప్పుడు చేసింది, తరవాత చాలాసార్లు చేసి సరిచూసుకున్నది ఇది.

అనాస బాగా పండినదై ఉండాలి. కాయ అడుగున ముక్కు పెట్టి చూస్తే తీపి వాసన రావాలి. పచ్చిదైతే పులుపు ఎక్కువ, ఎంత పంచదార వేసినా పాలకి గండమే. చెక్కు తీసి, కళ్ళు తవ్వేసి, మధ్య దంటు పక్కన పెట్టి, ముక్కల్ని సన్నగా తరగాలి. ఒక కప్పు ముక్కలకి అరకప్పు పంచదార, రెండు చెంచాల నీళ్ళు, చిటికెడు ఉప్పు. స్టవ్ సిమ్‌లో పెట్టి పావుగంట ఉడికించాలి. మొదట నీళ్ళు ఊరతాయి, తరవాత ముక్కలు అద్దంలా మెరుస్తాయి, చివర్లో గరిటెతో అడుగున గీత గీస్తే ఒక్క క్షణం నిలబడుతుంది. అక్కడ ఆపాలి. ఇంకా ఉంచితే జామ్ అయిపోయి టీలో కరగదు. నురుగు తగ్గి బుడగలు పెద్దవవుతాయి, అది కూడా ఒక గుర్తు. గరిటెతో మెదిపి, పూర్తిగా చల్లారాక గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. నేను వారం దాటి ఉంచను. ఒకసారి సీసా ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయి రాత్రంతా బయట వదిలేశాను. మర్నాడు మూత తీస్తే నురుగు, పులిసిన వాసన. జూన్ ఉక్కలో పండు పాకం ఒక్క పూటకే పులుస్తుంది. అది పారబోశాను.

టీ సంగతి కాస్త ఎక్కువగా చెప్పాలి. పాలతో కలిపి మరిగించే టీకి అలవాటుపడ్డ చేయి డికాషన్ ఒక్కటీ పెట్టినప్పుడు కూడా అంతసేపూ మరిగిస్తుంది. పాలు లేకుండా డస్ట్ టీ ఐదు నిమిషాలు మరిగితే నోరు పిడచకట్టే వగరు దిగుతుంది. చల్లటి టీలో ఆ వగరు ఇంకా పైకి తెలుస్తుంది. అందుకని ఒక గ్లాసు నీళ్ళు, అంటే 200 మిల్లీలీటర్లు, మరిగించి స్టవ్ ఆపేస్తాను. అందులో రెండు చిన్న చెంచాల టీ పొడి వేసి మూతపెట్టి మూడు నిమిషాలు వదిలేస్తాను. కదపను. వెంటనే వడకట్టాలి, లేకపోతే పొడి అడుగున కూర్చుని వగరు వదులుతూనే ఉంటుంది. పెద్దాకు టీ దొరికితే ఐదు నిమిషాలు ఉంచొచ్చు, దానికి ఇంకా మంచి వాసన ఉంటుంది. మా బజారులో దొరికేది ఎక్కువగా డస్టే.

ఆ డికాషన్ ఫ్రిజ్‌లో పెడితే మరో కంగారు. తేటగా ఎర్రగా ఉన్నది గంటకి మట్టినీళ్ళలా మసకబారింది. చెడిపోయిందనుకుని మొదటిసారి మొత్తం పారబోశాను. మళ్ళీ అలాగే అయ్యాక మేష్టారికి చూపించాను. చిక్కటి టీ చల్లబడితే అందులోని కెఫీన్, వగరు పదార్థాలు ఒకదానికొకటి పట్టుకుని అలా మసకబారతాయట. కాస్త వెచ్చబెట్టగానే మళ్ళీ తేటపడింది. రుచికి ఏ నష్టమూ లేదు. పాలు కలిపాక ఎలాగూ కనిపించదు. గ్లాసు వెచ్చబెట్టి చూపిస్తే మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

పాలు చిక్కగా ఉండాలి. పాలవాడి గేదెపాలు ఉన్న రోజు ప్యాకెట్ పాల కంటే బాగా కుదిరింది. పల్చటి పాలు పులుపుకి త్వరగా లొంగిపోతాయి. ప్యాకెట్ పాలే ఉంటే పావు వంతు ఇగిరేదాకా కాచి, చల్లార్చి, మీగడ తీసి, ఫ్రిజ్‌లో పెడతాను.

కలిపే వరస ఇదీ. పొడవాటి గ్లాసులో రెండు పెద్ద చెంచాల అనాస పాకం. దాని మీద అరగ్లాసు చల్లటి డికాషన్ పోసి బాగా కలపాలి. ఐసు నాలుగు ముక్కలు. అప్పుడు చల్లటి పాలు సన్నటి ధారగా, ఒక చేత్తో తిప్పుతూ మరో చేత్తో పోయాలి. పాలు డికాషన్ కంటే కాస్త ఎక్కువే ఉండాలి. పాకం రెండు చెంచాలు దాటకూడదు. మా అమ్మాయి నాలుగు వేసుకుంది, అరగంటకి అడుగున పలుకులు తేలాయి. తీపి చాలకపోతే పంచదార నీళ్ళు విడిగా కలుపుకోవాలి గానీ పాకం పెంచకూడదు. కలిపాక వెంటనే తాగేయాలి. ఎవరైనా ఆలస్యంగా వస్తారంటే పాకం, డికాషన్, పాలు మూడూ విడిగా ఉంచి, వాళ్ళు వచ్చాకే కలుపుతాను.

సగ్గుబియ్యం పెద్దవి తీసుకుని నానబెట్టి, ఎక్కువ నీళ్ళలో ఉడికించాను. మధ్యలో తెల్లటి చుక్క పోయేదాకా ఉడకాలి. వడకట్టి చన్నీళ్ళతో కడిగి, బెల్లం పాకంలో వేస్తే నల్లటి గుళికల రంగు కొంచెం వచ్చింది. నమిలితే ఆ షాపులో లాంటి సాగుడు రాలేదు, మన పాయసం సగ్గుబియ్యం మెత్తదనమే వచ్చింది. నాకు అదే నచ్చింది. వీటిని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గంటలో రాళ్ళలా గట్టిపడతాయి. ఏ పూటకి ఆ పూటే ఉడికించుకోవాలి.

ఆ రోజు మా అమ్మాయి మొదటి గ్లాసు తాగి ఏమీ మాట్లాడలేదు. సగం తాగాక అంది. "అమ్మా, ఆ షాపులో డబ్బాలోంచి పొడి తీసి నీళ్ళలో కలుపుతాడు. పాల బదులు కూడా ఏదో పొడే. అది ఎంతసేపు ఉంచినా విరగదు. నేను తాగింది అనాస కాదేమో." చాలా షాపుల్లో అలాగే చేస్తారని తరవాత తెలిసింది. పాల బదులు వాడే క్రీమర్ పొడి, పండు బదులు వాసన పొడి. వాటికి పులుపూ లేదు, విరగడమూ లేదు. నాకు ఎవరి మీదా కోపం లేదు, రోజుకి వందల గ్లాసులు అమ్మేవాళ్ళ కష్టం వేరు. కానీ ఇంట్లో చేసుకునేటప్పుడు పండు వేయకుండా పండు టీ అనుకోవడం నాకు ఇష్టం లేదు. ఇన్ని రోజులు దాని వెంట పడటానికి కారణం అదే.

అనాస అయ్యాక మిగతా పండ్ల మీద ధైర్యం వచ్చింది. చివరి మామిడిపళ్ళు రెండు ఉంటే గుజ్జు తీసి ఉడికించకుండానే కలిపాను. బాగా పండిన మామిడిలో పులుపు తక్కువ, పాలని ఏమీ అనలేదు. మామిడి తీపికి టీ కాస్త చిక్కగా ఉంటేనే నిలబడుతుంది, లేకపోతే మామిడి పాలు తాగినట్టే ఉంటుంది. వచ్చే వేసవి సువర్ణరేఖ దిగగానే మళ్ళీ చేయాలి. పనస తొనలు మిక్సీ పట్టి కలిపితే పాలు విరగలేదు గానీ పనస వాసన ముందు టీ నిలవలేదు. అత్తయ్య మాత్రం అదే బాగుందంది. బొప్పాయికి కూడా అనాసలాంటి ఎంజైమే ఉంది, పాలల్లో కలిపి ఉంచితే చేదెక్కుతుంది. తైవాన్‌లో బొప్పాయి పాలు చాలా ఇష్టంగా తాగుతారట, కలిపిన వెంటనే తాగేయాలి అంతే.

అక్టోబరులో సీతాఫలాలు వచ్చాయి. ఒడియాలో ఆత. దసరా నుంచి కార్తీకం దాకా మా సంతలో వీటి గుట్టలే. దీపావళికి అమ్మాయి వచ్చేలోపు సిద్ధంగా ఉండాలని పాకం పెట్టబోయాను. అనాసకి నేర్చుకున్నది కదా, గుజ్జుని పంచదారతో సిమ్‌లో పెట్టాను. పది నిమిషాలకి రుచి చూస్తే చేదు. అనాసకి ఉడికిస్తే చేదు పోయింది, సీతాఫలానికి ఉడికిస్తేనే చేదు వచ్చింది! వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుందని మేష్టారు చెప్పారు. అప్పుడు గుర్తొచ్చింది, సీతాఫలంతో పాయసం చేసేవాళ్ళు కూడా పాలు బాగా చల్లారాకే గుజ్జు కలుపుతారు.

రెండోసారి పొయ్యి జోలికి పోలేదు. పళ్ళు విప్పి, గుజ్జుని జల్లెడలో వేసి చేత్తో రుద్దాను. గింజలున్న గుజ్జుని మిక్సీలో వేయకూడదు. సీతాఫలం గింజలు విషం. పగిలితే చేదొక్కటే కాదు, ఒంటికి మంచిది కాదు. ఈ ఒక్క పనికి తొందరపడకూడదు. నాలుగు పళ్ళ గుజ్జు తీయడానికి అరగంట పట్టింది. ఆ గుజ్జులో కొద్దిగా చల్లటి పాలు కలిపి మెత్తగా చేసి, గ్లాసు అడుగున వేసి, పైన చల్లటి డికాషన్, మిగతా పాలు పోశాను. పంచదార చెంచా కూడా వేయలేదు. నాకు ఇన్ని నెలల్లో కుదిరిన వాటన్నిటిలో ఇదే ముందు నిలుస్తుంది. సీతాఫలం పలుకుపలుకుగా నాలుకకి తగులుతుంటే టీ వగరు ఆ తీపిని కోసి మళ్ళీ తాగాలనిపిస్తుంది. ఇందులో సగ్గుబియ్యం కూడా అక్కర్లేదు.

అత్తయ్య జన్మలో చల్లటి టీ తాగలేదు. టీ అంటే పొగ రావాలి అంటుంది. దీపావళి మర్నాడు అమ్మాయి గ్లాసులో సగం పోసి ఆవిడ చేతికిచ్చింది. "ఐసు తీసెయ్యి" అంది ముందు. తీసింది. ఒక గుక్క తాగి, గ్లాసు తిప్పి చూసి, మళ్ళీ తాగింది.

"ఏటే, బాగుంది కదే. అనాసది కూడా బెల్లంతో పెట్టుంటే నేనూ తాగేదాన్ని. పంచదార నాకు పడదు కదా."

బెల్లానికీ పులుపు ఉంది, అనాసకీ పులుపు ఉంది. రెండూ కలిస్తే పాలు తట్టుకుంటాయో లేదో నాకింకా తెలియదు. మేష్టారి కాగితాలు పుస్తకంలో ఇంకో పది మిగిలాయి. పాకం రెండు చెంచాలకి బదులు ఒకటిన్నరే వేసి, పాలు ఇంకా చిక్కగా కాచి చూడాలి. అనాస మళ్ళీ జూన్‌లో వస్తుంది.